లెక్కకందని లోతులు

ప్రకృతిని అర్థం చేసుకోవడానికి మానవుడు రెండు మార్గాలను ఆశ్రయించాడు. ఒకటి కొలవడం, రెండవది లెక్కించడం. కొలతకు అందినదాన్ని ఆధారంగా చేసుకొని అందనిదాన్ని లెక్కగట్టడంలోనే విజ్ఞానశాస్త్రపు బలం ఉన్నది. అయితే లెక్క కొలతను విడిచి చాలా దూరం సాగిపోయినప్పుడు పొరపాటుకు చోటు ఏర్పడుతుంది. ధ్రువ సముద్రాల చరిత్ర ఈ సత్యానికి చక్కని నిదర్శనం.

నార్వే దేశపు అన్వేషకుడు ఫ్రిట్యాఫ్ నాన్సెన్ 1893లో ‘ఫ్రామ్’ అనే ఓడను ఉద్దేశపూర్వకంగానే ఆర్కిటిక్ మంచులో చిక్కుకొనేట్లు చేశాడు. మంచుతో పాటు ఓడ ఎటు కొట్టుకొనిపోతే అటు పోయి, ఆ సముద్రపు నడకను తెలుసుకోవాలన్నది ఆయన సంకల్పం. ఆర్కిటిక్ నడిమి భాగంలో లోతు తక్కువని ఆనాడు పలువురు భావించేవారు. ఆ నమ్మకంతోనే ఫ్రామ్ బృందం చాలినంత పొడవైన కొలత తాడు తీసుకొని వెళ్లలేదు. తీరా కొలవబోతే తాడు అడుగును తాకలేదు. అప్పుడు నావికులు ఓడలోని ఉక్కు మోకును విప్పి, ఆ పోగులతో పొడవైన తాడు తయారుచేసుకొన్నారు. లోతు మూడు వేల మీటర్లు దాటింది. అంతేకాక, పైన గడ్డకట్టే చల్లని నీరు ఉండగా, దాని అడుగున అట్లాంటిక్ నుంచి వచ్చిన వెచ్చని నీటి పొర ఒకటి ఉన్నట్లు వెల్లడైంది. మంచు సరిగ్గా గాలి వీచే దిశలో కాక దానికి కుడివైపుగా కదులుతున్నదని కూడా నాన్సెన్ గమనించాడు. భూభ్రమణం వల్ల అలా జరుగుతుందని స్వీడన్ శాస్త్రజ్ఞుడు ఎక్‌మన్ 1905లో గణితంతో వివరించాడు. అక్కడ కొలత ముందు నడిచింది. లెక్క దాని వెంట వచ్చింది.

నేడు ఆ క్రమం చాలావరకు తారుమారైంది. రాబోయే నూరు సంవత్సరాల శీతోష్ణస్థితిని కంప్యూటర్లు లెక్కిస్తున్నాయి. ఆ లెక్కలను ఆధారం చేసుకొని ప్రభుత్వాలు తీరప్రాంత రక్షణకు, వ్యవసాయానికి, విద్యుత్తుకు ప్రణాళికలు రచిస్తున్నాయి. కాని ఆ లెక్కలు అత్యంత బలహీనంగా ఉన్న చోట్లలో ధ్రువ సముద్రాలు ముందు వరుసలో ఉన్నాయి. ఈ బలహీనతను ఎలా అర్థం చేసుకోవాలన్నదే ప్రశ్న. లెక్కలన్నింటినీ తోసిపుచ్చడం ఒక తొందరపాటు. వాటిని విధి లిఖితంగా భావించడం మరొక తొందరపాటు. వాటి లోపాలను తెలిసి వాడుకోవడం, ఆ లోపాలను తీర్చే కొలతలకు లోటు రానీయకపోవడం వివేకం.

ధ్రువ సముద్రాలకు ఇంత ప్రాముఖ్యం ఎందుకన్నది మొదట తెలుసుకోవాలి. ఉప్పునీరు సుమారు మైనస్ 1.8 డిగ్రీల సెల్సియస్ వద్ద గడ్డకడుతుంది. అలా గడ్డకట్టేటప్పుడు మంచు తనలోని ఉప్పును చాలావరకు బయటికి నెట్టివేస్తుంది. చుట్టూ ఉన్న నీరు మరింత ఉప్పగా, మరింత బరువుగా మారి కిందికి దిగుతుంది. అంటార్కిటికా తీరం వెంట ఇలా ఏర్పడిన అతిశీతల జలం సముద్రపు అడుగున పరచుకొంటూ హిందూ మహాసముద్రంతో సహా మూడు మహాసముద్రాలలోకి వ్యాపిస్తుంది. ఉత్తరాన అట్లాంటిక్‌లో మరొక విధమైన ప్రయాణం సాగుతుంది. ఉష్ణమండలం నుంచి వచ్చిన వెచ్చని, ఉప్పని నీరు అక్కడి చలిగాలికి తన వేడిని ఇచ్చివేసి, చల్లబడి, బరువెక్కి మునిగి, లోతుల వెంట దక్షిణానికి తిరిగి వెళుతుంది. అట్లాంటిక్‌లో 26.5 డిగ్రీల ఉత్తర అక్షాంశం వద్ద 2004 నుంచి జరుగుతున్న కొలతల ప్రకారం ఈ ప్రవాహం సగటున సెకనుకు దాదాపు 1.7 కోట్ల ఘనపు మీటర్లు. ప్రపంచంలోని నదులన్నీ కలిసి సముద్రాలకు చేర్చే నీటికి ఇది పది రెట్లకు మించినది.

ఈ మహాప్రవాహాలు వేడిని, ప్రాణవాయువును, బొగ్గుపులుసు వాయువును ఉపరితలం నుంచి లోతులకు చేరవేస్తాయి. మానవ కార్యకలాపాల వల్ల భూమిపై అదనంగా పోగైన వేడిలో నూటికి సుమారు తొంభై పాళ్లు సముద్రాలే భరిస్తున్నాయి. అంటార్కిటికాను చుట్టి ఉన్న దక్షిణ మహాసముద్రం ఆ భారంలో పెద్ద వాటాను మోస్తున్నది. కాబట్టి ధ్రువాల వద్ద నీరు ఎంత మునుగుతుంది, ఎక్కడ మునుగుతుంది, ఎంతకాలం మునుగుతుంది అన్నవి ఆ ప్రాంతాలకు మాత్రమే సంబంధించిన ప్రశ్నలు కావు.

ఇక శీతోష్ణస్థితి నమూనా అంటే భూగోళాన్ని గడులుగా విభజించి, గాలికి, నీటికి, మంచుకు వర్తించే భౌతిక సూత్రాలను ప్రతి గడిలోను అంచెలంచెలుగా లెక్కించే గణిత నిర్మాణం. వాతావరణాన్ని, సముద్రాన్ని కలిపి లెక్కించిన తొలి నమూనాను 1969లో అమెరికాలోని ప్రిన్స్‌టన్‌లో స్యుకురో మనాబే, కిర్క్ బ్రయన్ రూపొందించారు. అందులోని భూమి నిజమైన భూమి కాదు. కొంత నేల, కొంత నీరు గల ఊహాగోళపు ముక్క మాత్రమే. ఆ చిన్న ప్రారంభం ఎంత దూరదృష్టి కలిగినదో కాలం నిరూపించింది. 2021లో మనాబేకు భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది.

నాటికి నేటికి నమూనాలు ఎంతో పురోగమించాయి. అయినా వాటికి ఒక మౌలికమైన పరిమితి ఉన్నది. జాలరి వల కన్ను పెద్దదైతే చిన్న చేప జారిపోతుంది. అంతర్జాతీయంగా పోల్చి చూసే నమూనాలలో అత్యధిక భాగం సముద్రాన్ని దాదాపు ఒక డిగ్రీ గడులుగా విభజిస్తాయి. భూమధ్యరేఖ వద్ద ఒక డిగ్రీ అంటే సుమారు 111 కిలోమీటర్లు. సముద్రంలో వేడిని, ఉప్పును అటూ ఇటూ చేరవేసే సుడులు ఉష్ణమండలంలో వంద కిలోమీటర్లకు మించి కూడా ఉంటాయి. ధ్రువాల సమీపంలో భూభ్రమణ ప్రభావం ఎక్కువ. నీటి పొరల మధ్య సాంద్రతా భేదం తక్కువ. అందువల్ల అక్కడి సుడులు పది కిలోమీటర్లకు, ఒక్కొక్కచోట అంతకన్నా తక్కువకు కుంచించుకుపోతాయి. అవి వల కన్నులోంచి జారిపోయే చేపలవంటివి. వాటి ప్రభావాన్ని నేరుగా లెక్కించలేక, ఉజ్జాయింపు సూత్రాలతో సరిపెట్టవలసి వస్తున్నది.

గడిని చిన్నది చేస్తే సరిపోదా అన్న సందేహం సహజం. గడి పొడవును, వెడల్పును సగానికి తగ్గిస్తే గడుల సంఖ్య నాలుగింతలవుతుంది. లెక్కించే కాలపు అంచెను కూడా సగం చేయవలసి వస్తుంది. మొత్తం మీద శ్రమ ఎనిమిదింతలవుతుంది. వంద కిలోమీటర్ల గడిని అయిదు కిలోమీటర్లకు తేవాలంటే ఆ శ్రమ ఎనిమిది వేల రెట్లు పెరుగుతుంది. అటువంటి నమూనాలు లేకపోలేదు. కాని వాటితో వందల సంవత్సరాల కాలాన్ని పదేపదే లెక్కించడం నేటికీ కష్టసాధ్యమే.

ఈ పరిమితి ఫలితాలలో ఎలా కనిపిస్తుందో చూడాలి. అంటార్కిటికా అడుగు జలం ప్రధానంగా వెడెల్ సముద్రం, రాస్ సముద్రం వంటి చోట్ల తీరాన్ని ఆనుకొని ఉన్న మెరక భాగాలలో పుడుతుంది. అక్కడి నుంచి సన్నని ధారలుగా ఖండపు వాలు మీదుగా లోతులకు జారుతుంది. ఆ సన్నని ధారలను పెద్ద గడులు పట్టుకోలేవు. అందువల్ల అనేక నమూనాలలో ఈ జలం తీరం వద్ద కాక నడిసముద్రంలో, పైనుంచి నిట్టనిలువుగా మునిగి ఏర్పడుతుంది. నిజ ప్రపంచంలో నడిసముద్రపు మునక బహు అరుదు. 1974 నుంచి 1976 వరకు వరుసగా మూడు శీతకాలాలు వెడెల్ సముద్రపు మంచు నడుమ సుమారు రెండున్నర లక్షల చదరపు కిలోమీటర్ల నీరు గడ్డకట్టకుండా నిలిచింది. అంతటి విశాలమైన మంచులేని మడుగు ఆ తరువాత మళ్లీ కనిపించలేదు. 2016లోను, 2017లోను కనిపించినవి దానికన్నా ఎంతో చిన్నవి. నిజ ప్రపంచంలో అపురూపమైన సంఘటన నమూనాలలో నిత్యకృత్యమైపోయిందన్నమాట.

విద్యార్థి లెక్కను తప్పు పద్ధతిలో చేసినా ఒక్కొక్కసారి జవాబు సరిపోతుంది. మంచి ఉపాధ్యాయుడు ఆ జవాబును చూసి మురిసిపోడు. తరువాతి లెక్కలో ఆ పద్ధతి నిలవదని ఆయనకు తెలుసు. నమూనాల విషయంలోను అంతే. అడుగు జలపు ఉష్ణోగ్రత, పరిమాణం నేటి కొలతలతో సరిపోయినంత మాత్రాన అవి పుట్టే తీరు సరైనదని చెప్పలేము. పరిస్థితులు మారినప్పుడు తప్పు దారిన వచ్చిన సరైన జవాబు తప్పు జవాబుగా మారవచ్చు.

ఉత్తరాన కూడా ఇటువంటి పాఠాలు ఉన్నాయి. అట్లాంటిక్ ప్రవాహంలోని ఒడుదొడుకులకు కెనడా సమీపంలోని లాబ్రడార్ సముద్రంలో జరిగే మునకే ముఖ్య కారణమని అనేక నమూనాలు సూచిస్తూ వచ్చాయి. లాబ్రడార్ నుంచి గ్రీన్‌లాండ్ మీదుగా స్కాట్లాండ్ వరకు సముద్రంలో పరికరాలను నిలిపి 2014 నుంచి అంతర్జాతీయ బృందం ఒకటి కొలతలు ప్రారంభించింది. 2019లో వెలువడిన తొలి ఫలితాలలో గ్రీన్‌లాండ్‌కు తూర్పున ఉన్న సముద్రాల పాత్రే అధికమని తేలింది. నాన్సెన్ చూసిన వెచ్చని నీటి పొర విషయం కూడా ఇంతే. నూరేళ్లకు పైబడి తెలిసిన ఆ పొరను పలు నమూనాలు నేటికీ ఉండవలసిన దానికన్నా లోతుగా, మందంగా చూపుతున్నాయి.

సముద్రపు మంచు సంగతి మరింత ఆలోచింపజేస్తుంది. ఆర్కిటిక్ వేసవి మంచు నమూనాలు ఊహించిన దానికన్నా వేగంగా తరిగిపోయింది. 2012 సెప్టెంబరులో అది సుమారు 34 లక్షల చదరపు కిలోమీటర్లకు పడిపోయింది. ఉపగ్రహ పరిశీలనలు మొదలైన నాటి నుంచి అదే కనిష్ఠంగా నమోదైంది. అంటార్కిటికా చుట్టూ కథ వేరు. అక్కడి మంచు తగ్గుతుందని ఎక్కువ నమూనాలు చెప్పగా, అది 2014 వరకు మెల్లగా పెరిగింది. పెరుగుదలను చూసి కొందరు నమూనాలను పరిహసించారు. 2016లో ఆ మంచు హఠాత్తుగా కుంగింది. 2023 ఫిబ్రవరిలో అంతకు ముందెన్నడూ లేని కనిష్ఠానికి చేరింది. పెరుగుదలను చెప్పలేని నమూనాలు ఆకస్మిక పతనాన్ని కూడా ముందుగా చెప్పలేకపోయాయి.

ఇక్కడ గమనించవలసిన ముఖ్యాంశం ఒకటి ఉన్నది. నమూనాల పొరపాట్లన్నీ ప్రమాదాన్ని పెంచి చూపేవి కావు. తగ్గించి చూపినవి కూడా ఉన్నాయి. అంటార్కిటికా అంచున సముద్రం మీద తేలే మంచు పలకల కింద వెచ్చని నీరు చేరి వాటిని కరిగిస్తున్నది. ఆ పలకల కింది చీకటి గుహలు, అక్కడ కరిగే నీరు ప్రస్తుత నమూనాలలో అధిక భాగంలో లేనే లేవు. ఉప్పులేని ఆ కరుగునీరు సముద్రంపై తేలికైన పొరగా పరచుకొని బరువైన నీరు మునగడాన్ని అడ్డుకొంటుంది. ఉద్గారాలు అధికంగా కొనసాగిన పక్షంలో, ఈ కరుగునీటిని లెక్కలో చేర్చి చూస్తే అంటార్కిటికా లోతు ప్రవాహం 2050 నాటికి నూటికి నలభై పాళ్లకు మించి మందగించవచ్చునని 2023లో ప్రచురితమైన ఒక అధ్యయనం తెలిపింది. అదీ ఒక నమూనా ఫలితమే. కాని విస్మరించిన ఒక్క అంశం జవాబును ఎంతగా మార్చగలదో అది తెలియజేస్తున్నది.

నమూనాలలో ఇన్ని లోపాలు ఉన్నప్పుడు వాటి హెచ్చరికలను లెక్కచేయనక్కరలేదని వాదించేవారు ఉన్నారు. ఈ వాదం నిలవదు. బొగ్గుపులుసు వాయువు క్రమంగా పెరిగితే ఉత్తర ధ్రువ ప్రాంతం వేగంగా వేడెక్కుతుందని, దక్షిణ మహాసముద్రం మాత్రం లోతుల నుంచి పైకి వచ్చే చల్లని నీటి వల్ల చాలా నిదానంగా వేడెక్కుతుందని 1989లోనే స్టౌఫర్, మనాబే, బ్రయన్ తమ నమూనాతో చూపారు. ఆ తరువాతి దశాబ్దాల కొలతలు ఆ తేడాను ధ్రువపరిచాయి. నేటి నమూనాలకన్నా ఎంతో ముతకదైన ఆనాటి నమూనా ఇంత ముఖ్యమైన విషయాన్ని పట్టుకోగలిగింది. పెద్ద గీతను సరిగా గీసే చేతికి సన్నని గీత వణకవచ్చు. ఆ వణుకును చూసి పెద్ద గీతను కూడా చెరిపివేయడం న్యాయం కాదు. గ్రహణపు ఘడియల లెక్క కొంచెం తప్పిందని గ్రహణం ఆగదు కదా!

దీనికి ఎదురుగా మరొక ధోరణి ఉన్నది. అట్లాంటిక్ ప్రవాహం ఫలానా సంవత్సరానికి ఆగిపోతుందని తేదీ పెట్టి ప్రకటించడం, దాన్ని పత్రికలు పతాక శీర్షికలకెక్కించడం తరచుగా జరుగుతున్నది. ఆ ప్రవాహం ఈ శతాబ్దంలో బలహీనపడే అవకాశం చాలా ఎక్కువని, 2100లోగా హఠాత్తుగా కుప్పకూలకపోవచ్చునని, అయితే ఈ రెండవ మాటపై తమ విశ్వాసం మధ్యస్థమేనని వాతావరణ మార్పుపై ఏర్పడిన అంతర ప్రభుత్వ సంఘం 2021 నివేదికలో పేర్కొన్నది. ‘మధ్యస్థ విశ్వాసం’ అన్న ఆ చిన్న మాటలో శాస్త్రజ్ఞుల నిజాయితీ ఉన్నది. ఆ మాటను వదలివేసి మిగిలిన వాక్యాన్ని మాత్రమే ప్రచారం చేయడం పాఠకులకు మేలు చేయదు. ధైర్యం చెప్పేవారు, భయపెట్టేవారు ఇద్దరూ ఒకే తప్పు చేస్తున్నారు. తెలియనిదాన్ని తెలిసినట్లుగా చూపుతున్నారు.

ఇది ఎక్కడో మంచు దేశాల సమస్య అని తెలుగువారు తలచడానికి వీలులేదు. ఉత్తర అట్లాంటిక్ అకస్మాత్తుగా చల్లబడిన పూర్వయుగాలలో భారతదేశపు రుతుపవనాలు బలహీనపడినట్లు సముద్రగర్భపు మట్టిపొరలు, గుహలలోని సున్నపు నిక్షేపాలు సాక్ష్యమిస్తున్నాయి. అంటార్కిటికా మంచు కరిగితే పెరిగే సముద్రమట్టం కృష్ణా, గోదావరి డెల్టాల పల్లపు పొలాలను కూడా తాకుతుంది. అక్కడ కట్టవలసిన కరకట్ట ఎత్తు ఎంత, మొగల వద్ద ఉప్పునీరు ఎంత లోపలికి వస్తుంది అన్న ప్రశ్నలకు జవాబు కొంతవరకు ధ్రువాల వద్ద ఉన్నది. అందుచేత ప్రణాళికలు రచించేవారు నమూనాలు ఇచ్చే మధ్య అంకెను ఒక్కదాన్నే పట్టుకొని కూర్చోరాదు. అవి చూపే కనిష్ఠ, గరిష్ఠ అవధులను రెండింటినీ దృష్టిలో ఉంచుకోవాలి. ఏ అంశాలు లెక్కలో చేరలేదో అడిగి తెలుసుకోవాలి.

ఆ కొలతలలో తెలుగు నేలకు భాగస్వామ్యం కూడా ఉన్నది. 1999లో హైదరాబాదులో ఏర్పడిన భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రం ‘ఆర్గో’ అనే అంతర్జాతీయ ప్రయత్నంలో పాలుపంచుకొంటున్నది. సుమారు నాలుగు వేల తేలియాడే యంత్రాలు దాదాపు పది రోజులకొకసారి రెండు వేల మీటర్ల లోతు నుంచి పైకి వస్తూ నీటి ఉష్ణోగ్రతను, లవణీయతను కొలిచి ఉపగ్రహాలకు అందజేస్తున్నాయి. భారతీయ శాస్త్రజ్ఞులు 2014లో ఆర్కిటిక్‌లోని కాంగ్స్‌ఫ్యోర్డెన్ నీటిలో ‘ఇండార్క్’ అనే పరిశీలన పరికరాల సముదాయాన్ని దించారు. అంటార్కిటికాలో 2012 నుంచి పనిచేస్తున్న ‘భారతి’ కేంద్రం ప్రిడ్జ్ అఖాతపు తీరాన ఉన్నది. ఆ అఖాతానికి పడమటి అంచున ఉన్న డార్న్‌లీ అగ్రం వద్ద అంటార్కిటికా అడుగు జలం పుడుతున్నట్లు 2013లో జపాన్ శాస్త్రజ్ఞులు, వారి సహచరులు లోకానికి తెలియజేశారు. ఆ పరిశోధనలో సముద్రంలో నిలిపిన పరికరాలతో పాటు, తలపై చిన్న యంత్రాలు అమర్చిన ఏనుగు సీళ్లు కూడా సమాచారాన్ని తెచ్చాయి. ఓడలు చొరలేని మంచులోకి ఆ మూగజీవాలు సహజంగా ఈదుతూ వెళ్లి, మనుషులు కొలవలేని లోతులను కొలిచి వచ్చాయి.

ఇంత జరిగినా ధ్రువ సముద్రాలలోని కొలతలు నేటికీ కొద్దిపాటివే. మంచు కప్పిన చోట తేలే యంత్రం పైకి రాలేదు. శీతకాలపు చీకటిలో ఓడ నిలవలేదు. రెండు వేల మీటర్లకు దిగువన కొలిచే యంత్రాలు బహు కొద్ది. అట్లాంటిక్ ప్రవాహాన్ని నిరంతరాయంగా కొలవడం ప్రారంభమై రెండు దశాబ్దాలు మాత్రమే దాటింది. శతాబ్దాల గమనం గల ప్రవాహానికి ఆ కాలం రెప్పపాటుతో సమానం. ఇటువంటి కార్యక్రమాలకు ధనసహాయం తరచుగా కొన్నేళ్ల గడువుతోనే లభిస్తుంది. గడువు ముగిసిన ప్రతిసారీ అవి కొనసాగుతాయో లేదో అన్న సందిగ్ధం తప్పదు. కొత్త కంప్యూటరు కొనడానికి లభించే ఆదరణ పాత పరికరాన్ని సముద్రంలో నిలిపి ఉంచడానికి లభించకపోవడం విచారకరం. నమూనాను రేపు మెరుగుపరచవచ్చు. దానితో గతాన్ని మళ్లీ లెక్కించవచ్చు. కాని ఈ ఏడు కొలవని సముద్రాన్ని వచ్చే ఏడు కొలవడం ఎవరి తరమూ కాదు. తెగిన కొలత తెగినట్లే మిగిలిపోతుంది.

నాన్సెన్ ప్రయాణానికి ముందు ఆర్కిటిక్ లోతు గురించి పండితుల వద్ద ఒక అంచనా ఉండేది. అది తప్పని తేలినప్పుడు ఫ్రామ్ నావికులు అంచనా వేసినవారిని నిందిస్తూ కూర్చోలేదు. సముద్రానికి లోతే లేదని ప్రకటించనూ లేదు. ఉన్న మోకును విప్పి పొడవైన తాడు పేనుకొన్నారు. నేటి నమూనాలు ధ్రువ సముద్రాల అడుగును ఇంకా పూర్తిగా తాకలేదు. వాటి తాడును ఇంకా పొడవు చేయవలసి ఉన్నది. ఆ పని మంచు పూర్తిగా కరిగిపోకముందే జరగాలి.